ఉమ్మడిలో మా వంతు

మా కాలేజీ గుమ్మంలో అడుగుపెట్టగానే ఎడమచేతి గోడ మీద ఒక గాజు పలక కనిపిస్తుంది. "సైన్సు సమాచారాన్ని దేశంలో అందరికంటే ఎక్కువగా వినియోగించుకున్న చిన్న కళాశాల" అని దాని మీద బంగారు అక్షరాలు. కింద నా పేరు కూడా ఉంది, ఆర్నే లహ్తి, కంప్యూటర్ల బాధ్యుడు అని. పొద్దున్నే వచ్చి దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎందుకంటారా? ఆ పలక మాకు ఇవ్వాలని నిర్ణయించిన రోజుకి మేం వాడుకున్న సమాచారం సున్నా. గుండు సున్నా.

మొదటినుంచీ చెప్తాను. మధ్యమధ్యలో నోరు జారితే ఏమీ అనుకోకండి.

మాది సుపీరియర్ సరస్సు ఒడ్డున చిన్న ఊరు. కాలేజీలో మూడొందల మంది పిల్లలు, ఇరవై ఇద్దరు మేష్టర్లు, కంప్యూటర్లకి నేనొక్కణ్ణి. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు, హీటర్ మొరాయించినా నన్నే పిలుస్తారు. నా పక్క గది హిల్మా హర్యుది. జీవశాస్త్రం చెబుతుంది. అరవై దాటాయి, నోరు మాత్రం పాతికేళ్ళప్పటిదే. ఇరవై ఏళ్ళుగా రోజూ పదింటికి ఆవిడ ఫ్లాస్కులో కాఫీ నేను తాగుతాను, ఆవిడ నా చేతగానితనం మీద జోకులేస్తుంది. అలా నడిచిపోతోంది మా స్నేహం.

హిల్మా తమ్ముడు ఎయినో చేపలు పడతాడు. వాళ్ళ నాన్నా, తాతా కూడా అదే పని. మా అఖాతంలో నీళ్ళ అడుగున పెద్ద రాళ్ళ గట్టు ఉంది. ఏటా నవంబర్లో తెల్లచేపలు వచ్చి ఆ రాళ్ళ సందుల్లో గుడ్లు పెడతాయి. వందేళ్ళ కిందట రాగి గనివాళ్ళు రాళ్ళు నూరి, మిగిలిన నల్ల ఇసకంతా ఒడ్డున పారబోసి పోయారు. గనివాళ్ళు పోయారుగానీ ఇసక పోలేదు. అలలు దాన్ని కొంచెం కొంచెంగా ఆ రాళ్ళ మీదకి తోస్తున్నాయి. సందులు పూడిపోతే గుడ్లకి చోటుండదు. గుడ్లు లేకపోతే చేపలుండవు, చేపల్లేకపోతే ఎయినో పడవ ఒడ్డున బోర్లా పడుకోవాల్సిందే. ఊళ్ళో అలాంటి పడవలు ఇంకో పద్నాలుగున్నాయి.

ఇసక తవ్వాలా వద్దా అని రాష్ట్రం బోర్డు అక్టోబర్ పద్నాలుగున విచారణ పెట్టింది. వాళ్ళ నిపుణులు ముందే నివేదిక ఇచ్చేశారు. ఇసక ఆగిపోయిందట, పదేళ్ళ తర్వాత మళ్ళీ చూద్దామట. పదేళ్ళట! అది వినగానే ఎయినో తన వల తీసుకెళ్ళి బోర్డు బల్ల మీద దులిపాడు. నల్ల ఇసక కుప్పగా పడింది.

"వల సాక్ష్యం కాదు బాబూ," అన్నాడు బోర్డు పెద్ద. "లెక్క చూపించండి, వింటాం."

లెక్క కట్టడానికి కావలసినదంతా ఉంది. పదకొండేళ్ళుగా ఉపగ్రహాలు తీసిన బొమ్మలు, పడవలు నీటి అడుగున తీసిన కొలతలు, అన్నీ ప్రభుత్వానివి, అన్నీ జనం కోసమే. "అందరికీ తెరిచి ఉంది" అని మొదటి పేజీలోనే రాశారు. ఆ మొత్తాన్ని మా కాలేజీ ఇంటర్నెట్ మీద దింపుకోవడానికి ఎంత కాలం పడుతుందో నేను లెక్కేశాను. ఏడేళ్ళ నాలుగు నెలలు. అదీ పిల్లలెవరూ హాకీ మ్యాచ్‌లు చూడకుండా ఉంటే.

అందుకే ఉమ్మడి. దేశంలో అరవై కాలేజీలూ యూనివర్సిటీలూ తమ కంప్యూటర్లని ఒకదానికొకటి కలిపి పెట్టుకున్నాయి. సమాచారమంతా అక్కడే ఉంటుంది. మన ప్రశ్న రాసి పంపితే అక్కడి యంత్రాలు లెక్కకట్టి జవాబు మాత్రం పంపిస్తాయి. కొండని మన ఇంటికి మోసుకురానక్కర్లేదు. మంచి ఆలోచన, ఇప్పటికీ అదే అంటాను. మేం కూడా మా పాత కంప్యూటరొకటి అందులో చేర్చాం. కోట్లు తగిలించుకునే గదిలో కాఫీ కుండ పక్కన ఉంటుంది, దాని బతుకు అది బతుకుతోంది.

ఆగస్టులో హిల్మా ప్రశ్న రాసింది, నేను పంపాను. మా నంబరు నాలుగువేల నూట పద్దెనిమిది అని వచ్చింది.

"ఫరవాలేదు, ఇంకా రెండు నెలలుంది," అంది హిల్మా.

వారం తర్వాత చూస్తే నాలుగువేల మూడొందల అయిదు.

"ఇదేం క్యూ ఆర్నే? నా నడక కూడా ఇంత వెనక్కి పోదే," అంది.

ఆ పై వారం నాలుగువేల ఐదొందలు. నేను ఉమ్మడి ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆ ఆఫీసు, మా ప్రాంతాన్ని మిగతా రాష్ట్రంతో కలిపే పెద్ద వంతెనకి దక్షిణాన ఉన్న పెద్ద యూనివర్సిటీలో ఉంది. వంతెన దాటి అటువైపు ఉండేవాళ్ళని మేం వంతెన కిందోళ్ళంటాం. మంచి మాటగా అనం. ఫోనెత్తినావిడ పేరు కోర్ట్నీ బాంబర్గ్, సమాన అవకాశాల సమన్వయకర్త. గొంతులో తేనె.

"మీ కాలేజీయా! అయ్యో, మీ గురించి మేం రోజూ చెప్పుకుంటాం అండీ!"

"ఏమని చెప్పుకుంటారు? మా నంబరు వెనక్కి పోతోంది తల్లీ."

"అది మా న్యాయసూత్రం అండీ. చిన్న కాలేజీలకి ముందు వంతు ఇస్తాం. ఎవరైనా తమ వాటాకి మించి వాడేస్తే మిగతావాళ్ళకి అన్యాయం కదా, అందుకని వాళ్ళని కాస్త వెనక్కి పంపుతాం. మీరు మొత్తం దేశంలోనే అందరికంటే ఎక్కువ వాడేశారు. అక్టోబర్ తొమ్మిదిన మీకు సన్మానం కూడా ఉంది. ఉత్తరం అందలేదా?"

"మేమా? మేం ఒక్కటంటే ఒక్క ప్రశ్న పంపాం. అది ఇంకా వరసలోనే నిలబడి ఉంది."

"మీరు చాలా వినయంగా మాట్లాడతారండీ," అంది కోర్ట్నీ.

మా పేరు మీద నడిచిన ప్రశ్నల జాబితా పంపమన్నాను. పంపింది. పదకొండువేల ప్రశ్నలు. అన్నీ నక్షత్రాల మధ్య ఉండే ధూళి గురించి. మా కాలేజీలో ఖగోళశాస్త్రం లేదు. అసలు ఏడాదిలో సగం రోజులు మాకు నక్షత్రాలే కనిపించవు, మబ్బు. ప్రతి ప్రశ్న పక్కనా భాగస్వామి అని ఒక పేరుంది, డాక్టర్ ప్రెస్టన్ విట్లాక్.

ఆయన నాకు తెలుసు. రెండేళ్ళ కిందట మా దగ్గరికొచ్చాడు. మా కాలేజీలో నెలకో శుక్రవారం ఎవరింట్లో వండింది వాళ్ళు తెచ్చి అందరం కలిసి తింటాం. ఆ రోజే దిగాడు మహానుభావుడు. హిల్మా చేసిన పాస్టీలు మూడు లాగించాడు. పాస్టీ అంటే మాంసం, దుంపలు కూరి కాల్చేది, చేత్తో పట్టుకుని తింటాం. ఆయన పళ్ళెంలో పెట్టుకుని, పైన గ్రేవీ పోసుకుని, ఫోర్కుతో తిన్నాడు. అప్పుడే అనుమానించాల్సింది. తింటూ తింటూ జేబులోంచి కాగితం తీసి, "పెద్దవాళ్ళం, చిన్నవాళ్ళం కలిసి పనిచెయ్యాలని ఒక చిన్న ఒప్పందం," అన్నాడు. నేను సంతకం పెట్టాను.

చదవలేదు. మా వైపు ఇంటికొచ్చిన మనిషి కాగితం ఇస్తే ఎదురుగా కూచుని చదవం. చదివితే నిన్ను నమ్మడం లేదయ్యా అని మొహం మీద చెప్పినట్టే. మా నాన్న ఇల్లు కూడా అలాగే కొన్నాడు. ఆ మర్యాద కాస్తా ఇప్పుడు హిల్మా మెడకి చుట్టుకుంది.

పక్క గదికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ చేప పొలుసు ఏదో భూతద్దం కింద పెట్టుకుని చూస్తోంది.

"హిల్మా, మన వంతంతా విట్లాక్ తినేశాడు. ముందు వంతు చిన్న కాలేజీలకే కదా, అందుకని తన ప్రశ్నలన్నీ మన పేరు మీద నడిపించాడు. మన వాటా అయిపోయింది, మనం వెనక్కి పోయాం. ఆయన ఇంకో చిన్న కాలేజీని పట్టుకుని ఉంటాడు."

"మన పేరు వాడుకోమని ఎవడు చెప్పాడు?"

"నేనే. సంతకం పెట్టాను."

ఆవిడ భూతద్దం పక్కన పెట్టింది. "పెట్టే ముందు చదవలేదా?"

"ఆయన తింటున్నాడు హిల్మా."

"గ్రేవీతోనా?"

"గ్రేవీతోనే."

"అప్పుడైనా చదవాల్సింది," అంది. తర్వాత కిటికీ వైపు తిరిగి కూచుంది. నవ్వలేదు. ఆ రోజు నాకు కాఫీ పొయ్యలేదు కూడా. ఇరవై ఏళ్ళలో అది మొదటిసారి, నాకు నిజంగా బాధేసింది.

విట్లాక్‌కి ఫోన్ చేశాను. ఎంత ప్రేమగా మాట్లాడాడో! "ఆర్నే, ఆ పాస్టీల రుచి ఇంకా నోట్లోనే ఉందయ్యా. నేనే లేకపోతే మీ కాలేజీ పేరు పక్కన సున్నా ఉండేది. ఇప్పుడు చూడు, పట్టికలో అందరికంటే పైన మీరే. మీకు అన్యాయం ఎక్కడ జరిగింది?"

"మాకు ఒక ప్రశ్న ఉంది డాక్టర్ గారూ. చేపల గురించి."

"భలే! వరసలో పెట్టండి మరి," అన్నాడు.

సమాన అవకాశాల సంఘానికి ఫిర్యాదు రాశాను. పద్దెనిమిది పేజీల ఫారం. "మీకు అవకాశం అందని పక్షంలో, అందిన అవకాశం మీ జీవితాన్ని ఎలా మార్చిందో రెండొందల పదాల్లో రాయండి" అని ఒక గడి. అది నింపితే తప్ప తర్వాతి పేజీ తెరుచుకోదు. ఏడ్చుకుంటూ నింపాను. సంఘం మూడు నెలలకోసారి కూచుంటుందట. తర్వాత కూచునేది నవంబర్ ఇరవైన. మా విచారణ అక్టోబర్ పద్నాలుగున.

సెప్టెంబర్ చివర్లో కోర్ట్నీయే ఫోన్ చేసింది. "సన్మానం రోజు ఒక చిన్న ప్రదర్శన పెట్టుకున్నాం అండీ. రాజధాని నుంచి పెద్దలొస్తున్నారు. హిల్మా గారు వేదిక మీద ఒక బటన్ నొక్కి, చిన్న ప్రశ్నొకటి అడిగి, జవాబు అందరికీ చూపించాలి. ఐదు నిమిషాలు చాలు."

"వరసలో నాలుగువేల మంది వెనక ఉన్నాం కదమ్మా. బటన్ నొక్కితే జవాబు ఎప్పటికొస్తుంది?"

"అయ్యో, ప్రదర్శనకి వరసేమిటండీ! ఆ టైముకి యంత్రాలన్నీ ఖాళీ చేయించి ఉంచుతాం. అతిథుల ముందు ఆలస్యమైతే పరువు పోదూ?"

ఫోన్ స్పీకర్లో ఉంది. హిల్మా ఎదురుగానే ఉంది. నాకు సైగ చేసి, ఫోన్ దగ్గరికి వంగి, "తప్పకుండా వస్తానమ్మా," అంది. అంత మెత్తగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఫోన్ పెట్టేశాక అడిగింది. "ఒక్క ఏడాది బొమ్మలైతే ఎంత సేపు పడుతుంది?"

"యంత్రాలన్నీ మనవే అయితే నాలుగు నిమిషాలు."

"పదకొండేళ్ళకి?"

"నలభై నాలుగు. కానీ హిల్మా, వాళ్ళు ఐదు నిమిషాలే..."

"ఒక ఏడాదికి రాసిన ప్రశ్నని పదకొండేళ్ళకి మార్చాలంటే ఎంత మార్చాలి?"

"ఒకటి పక్కన ఇంకో ఒకటి కొట్టాలి. అంతే."

"సంతకం పెట్టడం కంటే తేలికేగా," అంది. నేను కొట్టాను. ఆవిడ ఫ్లాస్కు మూత తీసి నాకు కాఫీ పోసింది.

అక్టోబర్ తొమ్మిది. ఎనిమిది గంటలు కారు నడిపి ముందురోజే వెళ్ళాం. పెద్ద హాలు, రెండొందల మంది, ముందు వరసలో రాజధాని నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో పెద్దావిడ పేరు ఒడెట్ గ్రీర్, ఉమ్మడికి కావలసినవన్నీ ఇచ్చేది ఆవిడ ఆఫీసే. విట్లాక్ మైకు పట్టుకుని మా ఊరి గురించి కన్నీళ్ళొచ్చేలా మాట్లాడాడు. ఊరి పేరు రెండుసార్లూ తప్పు పలికాడు. పలక ఇచ్చారు, చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశారు. ఆ తర్వాత హిల్మా బటన్ నొక్కింది.

తెర మీద మా అఖాతం వచ్చింది. బూడిదరంగులో రాళ్ళు, అంచున నల్లటి పట్టీ. నాలుగు నిమిషాలకి మొదటి ఏడాది లెక్క తేలింది. రాళ్ళ గట్టులో ఇసక కప్పినది వందకి పంతొమ్మిది పాళ్ళు. మళ్ళీ చప్పట్లు. కోర్ట్నీ లేచి మైకు అందుకోబోతుంటే రెండో ఏడాది బొమ్మ మొదలైంది.

"హిల్మా గారూ, అయిపోయిందనుకుంటా," అంది కోర్ట్నీ నెమ్మదిగా.

"ఇంకా ఉందమ్మా," అంది హిల్మా. చెయ్యి మాత్రం బల్ల మీంచి తియ్యలేదు.

ఎనిమిదో నిమిషానికి విట్లాక్ జేబులో ఫోన్ గుయ్‌మంది. పన్నెండో నిమిషానికి మళ్ళీ. ఆయన ఫోన్ చూసుకోవడం, మొహం మాడ్చుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. చివరికి ఉండబట్టలేక లేచాడు.

"చాలా అద్భుతంగా ఉంది. కానీ ఇక ఆపేస్తే మంచిది. మిగతా కాలేజీల పనులు ఆగిపోయాయి పాపం."

ఒడెట్ గ్రీర్ వెనక్కి తిరిగింది. "ఏయే కాలేజీలవి? చూపించండి."

కోర్ట్నీ పాపం అమాయకురాలు. పక్క తెర మీద జాబితా వేసింది. ఆగిపోయిన పనులు తొమ్మిది చిన్న కాలేజీలవి. ఒకటి నెబ్రాస్కాలో, ఒకటి డకోటాలో, ఒకటి మిసిసిపీలో. తొమ్మిదింటి పక్కనా ప్రశ్న ఒక్కటే, నక్షత్రాల మధ్య ధూళి. భాగస్వామి కూడా ఒక్కరే.

"ఆశ్చర్యంగా ఉందే," అంది ఒడెట్ గ్రీర్. "ఈ తొమ్మిది ఊళ్ళవాళ్ళకీ ఒకేసారి ధూళి మీద మనసు పడిందా?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. విట్లాక్ కూచున్నాడు. ఆ తర్వాత హిల్మాని ఆపమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. గ్రీర్ గారి వెనక వరసలో కూచుని వాళ్ళిచ్చిన బిస్కెట్లన్నీ తినేశాను.

కానీ హిల్మా నవ్వడం లేదు. తెర వైపే చూస్తోంది. మూడో ఏడాది ఇరవై ఆరు. నాలుగు, ఐదు ఏళ్ళలో ఇసక పెద్దగా కదల్లేదు. నిపుణులు ఆ రెండేళ్ళ బొమ్మలే పక్కపక్కన పెట్టుకుని ఆగిపోయిందన్నారన్నమాట. ఆరో ఏడాది ముప్ఫై ఏడు. ఎనిమిదో ఏడాది నలభై తొమ్మిది. నల్లటి పట్టీ రాళ్ళ మీదకి పాకుతూనే ఉంది. నలభై నాలుగో నిమిషంలో ఆఖరి లెక్క పడింది. అరవై మూడు.

హిల్మా మైకు దగ్గరికి వచ్చింది. ఏదో ఉపన్యాసం రాసుకుంది, కాగితం చేతిలోనే ఉంది, చూడలేదు.

"నా అనుమానం తప్పయితే బాగుండునని ఈ నలభై నాలుగు నిమిషాలూ దండం పెట్టుకుంటూ నిలబడ్డాను," అంది. "మా తమ్ముడి వల అబద్ధం చెప్పలేదు. ఇంకో మూడు చలికాలాలు ఇలాగే పోతే అక్కడ గుడ్డు పెట్టడానికి చోటుండదు. ఈ ప్రశ్న ఆగస్టులో పంపాను. ఆగస్టులో కూడా మీ యంత్రాలకి పట్టేది ఈ నలభై నాలుగు నిమిషాలే." పలక చంకలో పెట్టుకుని వేదిక దిగింది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

పద్నాలుగున బోర్డు ముందు లెక్క పెట్టాం. బోర్డు పెద్ద కాగితాలు తిరగేసి, "ఇది ఎవరు కట్టిన లెక్క?" అన్నాడు అనుమానంగా. హిల్మా పలక తీసి బల్ల మీద పెట్టింది. అప్పట్లో ఎయినో ఇసక దులిపింది సరిగ్గా అక్కడే. బోర్డు పెద్ద బంగారు అక్షరాలు చదివి, కళ్ళద్దాలు సర్దుకుని, మా వైపు కొత్త గౌరవంతో చూశాడు. ఏ సున్నాకి ఇచ్చిన పలకో ఆయనకేం తెలుసు! వసంతంలో తవ్వే ఓడ పంపుతామన్నారు. ఒక్క ఓడ, ఒక్క వేసవి. గట్టులో మూడో వంతుకి మించి శుభ్రం కాదు.

ఎయినో అక్కని బయట మెట్ల మీదే పట్టుకుని పైకెత్తేశాడు. "దింపరా వెధవా, నడుం పోతుంది!" అని ఆవిడ అరుస్తుంటే ఊరంతా నవ్వింది.

నవంబర్ ఇరవైన సంఘం కూచుంది. మా ఫిర్యాదుకి జవాబొచ్చింది. విట్లాక్ గారి భాగస్వామ్యాల మీద అధ్యయనం చెయ్యడానికి ఉపసంఘం వేశారట, దానికి సలహాదారు విట్లాక్ గారే, ఆయనకంటే అనుభవం ఎవరికుంది కనక. ఇకనుంచి ప్రదర్శనలు ఐదు నిమిషాలకి యంత్రమే ఆపేస్తుందట. మా సంగతికొస్తే, ఫిర్యాదుదారులకి అక్టోబర్ తొమ్మిదిన ఉమ్మడిలోని అన్ని యంత్రాలూ నలభై నాలుగు నిమిషాలు ఇచ్చినందున ఫిర్యాదు పరిష్కారమైనట్టే. ఆ నలభై నాలుగు నిమిషాలూ మేం వాడేసిన లెక్కలో కలిపారు.

ఇప్పుడు డిసెంబర్. సరస్సు అంచులు గడ్డకట్టాయి. ఓడ ఏప్రిల్లో వస్తుంది, మొదటి బకెట్ ఎక్కడ ముంచాలో చెప్పమని బోర్డు అడుగుతోంది. తప్పు చోట ముంచితే తవ్వినంత ఇసకా మళ్ళీ అలల్తో వచ్చి గుడ్ల మీదే పడుతుంది. అది తెలియాలంటే ఇంకో ప్రశ్న పంపాలి. పంపాం. నిన్న పదింటికి నంబరు వచ్చింది. తొమ్మిదివేల రెండొందల పదకొండు.

హిల్మా నా భుజం మీంచి తెర చూసింది. నా కప్పులో కాఫీ పోసి, తన కప్పులో పోసుకుంది.

"ఆర్నే," అంది, "ఏప్రిల్లోపు మనకి ఇంకేదైనా సన్మానం జరుగుతుందేమో కనుక్కో."

వెతుకుతున్నాను.